సుత్తికి చుట్టిన గుడ్డ

షేక్ హమ్మూదాకి ఒక అలవాటుంది. శిష్యుడెవరైనా ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పడు. "దాన్ని ఒంటె మీద వెయ్యి" అంటాడు. ప్రయాణం కుదిరినప్పుడు మూటాముల్లెతో పాటు ఆ ప్రశ్నని కూడా వెంట తెచ్చుకోమని అర్థం. కొన్ని ప్రశ్నలు మొదటి మజిలీలోనే జారిపోయేవి, అడిగినవాడికే గుర్తుండేవి కావు. కొన్ని రెండు మూడు ప్రయాణాలు చేసి, ఎలా వెళ్లినవి అలాగే ఇంటికొచ్చేవి. జవాబు తెలియక ముసలాయన తప్పించుకుంటున్నాడని కొత్తగా చేరినవాళ్లు గుసగుసలాడుకునేవారు. ఆయన ఎడమ చెవి కాస్త మందం. కుడివైపున కూర్చుని గుసగుసలాడితే మాత్రం వినపడేది. "అదీ నిజమే అయ్యుండొచ్చు" అని నవ్వేవాడు.

ఆయన పాఠశాల సహారా ఎడారి నడుమ తగౌజీ అనే ఊళ్లో ఉండేది. ఒయాసిస్సు అనగానే మనకి చిన్నప్పటి భూగోళం పుస్తకంలో బొమ్మ గుర్తొస్తుంది: ఒక గుంట నీళ్లు, వంగిన ఖర్జూరపు చెట్లు నాలుగు, పక్కన ఏమీ తోచనట్టు నిలబడ్డ ఒక ఒంటె. ఆ బొమ్మ వేసినాయన ఎడారి ముఖం చూసినట్టు లేడు. అక్కడివి నిజంగా ఊళ్లు. ఎర్రమట్టి గోడలు, గోడల మధ్య ఒక మనిషీ ఒక గాడిదా ఒరుసుకుంటూ పోయేటంత సందులు, ఎండ నేల మీద పడకుండా సందులపైన ఖర్జూరపు దూలాల కప్పు. నేల కింద తవ్విన కాలవల్లో ఎక్కడినుంచో నీళ్లు మెల్లగా నడిచొస్తాయి. ఖర్జూరం నీడలో దానిమ్మ, దానిమ్మ నీడలో ఉల్లి, పుదీనా. ఊరు దాటితే మాత్రం ఇసకే, మళ్లీ ఇంకో ఊరు వచ్చేదాకా. అందుకే ఒక్కో ఊరి పద్ధతి ఒక్కో రకం. మన దగ్గర కాలవ దాటితే పప్పుచారు రుచి మారినట్టు, అక్కడ ఇసక దాటితే మర్యాద మారిపోతుంది. ఈ కథకి ఆ సంగతి కావాలి కాబట్టి చెప్పడం, లేకపోతే పప్పుచారు దాకా పోనక్కర్లేదు.

పాఠశాలలో జిలాలీ అని ఒక శిష్యుడున్నాడు. అతనిది తిన్‌జెరాన్ అనే దూరపు ఊరు. పెళ్లయిన కొత్తలోనే భార్య మసూదాని ఆమె తల్లి దగ్గర వదిలి చదువుకోవడానికి వచ్చాడు. మధ్యలో ఒకసారి ఇంటికి వెళ్లొచ్చాడు. ఇప్పుడు చదువు ముగిసింది. ఇంతలో ఉప్పు మోసే బిడారు ఒకటి ఊరి మీదుగా వెళ్తూ, మసూదాకి నెలలు నిండాయని కబురు చెప్పింది. కబురు విన్న దగ్గర్నుంచీ జిలాలీకి కాలు నిలవలేదు. సంతోషం ఒక పాలయితే గుబులు మూడు పాళ్లు.

ఆ గుబులేమిటంటే, తిన్‌జెరాన్‌లో బిడ్డ పుట్టిన ఏడోనాడు పేరు పెడతారు. పేరు తండ్రే బిడ్డ చెవిలో చెప్పాలి. మధ్యాహ్నం నమాజు ముగిసేసరికి తండ్రి రాకపోతే ఆ హక్కు అమ్మమ్మకి పోతుంది. జిలాలీ అత్తగారు ఖద్దూజ్, పుట్టేవాడికి పోయిన తన మగడి పేరు పెట్టాలని ఎప్పుడో నిశ్చయించుకుంది. పుట్టేది మగపిల్లాడేనని ఊళ్లో ముసలమ్మలందరూ మసూదా నడక చూసి తేల్చేశారు కూడా. ఆ మగడి పేరు బూజెమా. మనిషి మంచివాడే గాని, పట్టిన పట్టు విడిచేవాడు కాదు. తన గోడ నీడలో పక్కింటి గాడిద పడుకుంటోందని పంచాయతీ పెట్టించిన మనిషి. ఆయన పోయాక తిన్‌జెరాన్ వాళ్లు, మొండికేసి కూర్చునే ప్రతి ఒంటెకీ ఆ పేరే పెట్టడం మొదలుపెట్టారు. "లే బూజెమా, లే" అని సంతలో ఎవడో ఒకడు అదిలిస్తూనే ఉంటాడు. తన కొడుకు ఆ అదిలింపుకి వెనక్కి తిరిగి చూడటం జిలాలీకి కలలో కూడా కనిపించింది.

ప్రయాణం రేపనగా అతను గురువుగారి కుడివైపున కూర్చుని అడిగాడు. ఆ దేశంలో గురువుని సీదీ అంటారు, మన అయ్యగారూ లాంటి పిలుపు.

"సీదీ, ఇంటివాడన్నవాడు ఎంత పంచాలి? ఎంత దాచుకోవాలి?"

"ఎవరింటి సంగతి?"

"ఊరికే అడిగాను."

"ఊరికే అడిగేవాడు మనిషన్నవాడు అంటాడు. ఇంటివాడు అన్నావు."

జిలాలీ కాసేపు చాప పుల్లలు గిల్లాడు. "మా అత్తగారు సీదీ. ఆవిడ సుత్తి ఎత్తిందంటే సగం ఊరు మా వాకిట్లో ఉంటుంది. ఇక ఆ ఇల్లు నేను చూసుకోవాలి."

ఈ సుత్తి సంగతి చెప్పకపోతే ముందుకి పోవడం కష్టం. అక్కడ చక్కెర మన పంచదారలా సంచిలో రాదు. శంఖం ఆకారంలో పోతపోసిన దిమ్మ, నీలం కాగితం చుట్టి వస్తుంది. మన అనకాపల్లి బెల్లం దిమ్మని చేత్తో గిల్లుకోవచ్చు గాని, దీన్ని గిల్లితే గోరు పోతుంది. ఇత్తడి పళ్లెంలో నిలబెట్టి చిన్న ఇత్తడి సుత్తితో కొట్టాలి. పళ్లెం ఠంగుమని మోగుతుంది. ఆ మోతే పిలుపు. ఇక్కడ చాయ్ కాస్తున్నారు, విన్నవాడెవడైనా రావచ్చు అని. పేరు పెట్టి పిలవనక్కర్లేదు, పిలవలేదని అలగడానికీ లేదు. వచ్చినవాడు వట్టి చేతులతో రాడు. గుప్పెడు ఖర్జూరాలో, నాలుగు పుదీనా రెమ్మలో, ఏమీ లేకపోతే పక్క ఊరి కబురో తెస్తాడు. మూడు గ్లాసులు తాగి లేస్తాడు. ఈ పద్ధతి ఆ ఎడారి ఊళ్లన్నిటికీ ఒకటే. ఖద్దూజ్ చెయ్యి మాత్రం మరీ ధారాళం, బలం కూడా ఎక్కువ. ఆవిడ కొడితే కాలవల అవతల తోటల్లో ఉన్నవాళ్లు కూడా పారలు దించేవాళ్లు.

షేక్ అంతా విని తల పంకించాడు. "ఒంటె మీద వెయ్యి. నేనూ వస్తాను. దారిలో పాత స్నేహితులున్నారు."

ఒంటె మీద ప్రశ్నతో పాటు రెండు చక్కెర దిమ్మలు ఎక్కాయి. ఒకటి దారి ఖర్చుకి తోటి శిష్యులిచ్చింది. రెండోది పేరు పెట్టేనాటి వేడుక కోసం జిలాలీ ఎన్నాళ్లుగానో దాచుకున్నది. మొదటి దిమ్మ మొదటి ఊళ్లోనే నడుముదాకా తరిగింది. షేక్‌కి ఆ సుత్తి తనే కొట్టాలని సరదా. సాయంత్రం పూట ఊరి బయట చెట్ల కింద దిగడం, ఆయన పళ్లెం మోగించడం, ఎక్కడెక్కడివాళ్లో వచ్చి చుట్టూ కూర్చోవడం. ఒకాయన మేకపాలు తెచ్చాడు. ఇంకొకాయన తన పంటి నొప్పి గురించి వివరంగా చెప్పాడు. రెండో ఊళ్లో, ఒకరితో ఒకరికి ఏళ్లుగా మాటల్లేని అన్నదమ్ములిద్దరు చెరో పక్కనుంచి వచ్చి, ఎదురెదురుగా కూర్చుని, చెరి మూడు గ్లాసులు తాగి, మాట్లాడుకోకుండానే వెళ్లిపోయారు. "అయినా వచ్చారు" అన్నాడు షేక్ సంబరంగా. జిలాలీ వాళ్ల మొహాలు చూడలేదు. పళ్లెంలో మిగిలిన చక్కెర ముక్క వైపే చూస్తున్నాడు. మర్నాడు అది కూడా లేదు.

మూడో ఊరు ఐన్ దెబ్బాగ్. అక్కడినుంచి తిన్‌జెరాన్‌కి మధ్య పెద్ద ఇసకదిబ్బల మేట. గాలి వీచినప్పుడల్లా దిబ్బలు చోటు మార్చుకుంటాయి కాబట్టి నిన్న ఉన్న దారి ఇవాళ ఉండదు. ఆ ఊరి దారిచూపరి తోడు లేకుండా ఎవరూ దిగరు. దారిచూపరి దొరికితే తెల్లారి బయలుదేరవచ్చని జిలాలీ లెక్క. ఒక్క సాయంత్రమే కదా గండం. కానీ ఆ సాయంత్రం చాయ్‌కి రెండో దిమ్మ కాగితం విప్పాలి. మోత వింటే ఊరు వస్తుంది. ఊరొస్తే వేడుకకి కాగితమే మిగులుతుంది.

షేక్ నమాజులో ఉండగా జిలాలీ ఒంటె జీను చాటుకి వెళ్లాడు. చిరిగిన ఉన్ని దుప్పటి నుంచి ఒక పేలిక చింపి సుత్తికి చుట్టి ముడేశాడు. పళ్లెం పక్కనబెట్టి, దిమ్మని దుప్పటి మడత మీద నిలబెట్టి కొట్టాడు. పిల్లి దూకినంత చప్పుడు కూడా రాలేదు. తన తెలివికి తనే మురిసిపోయాడు. అప్పుడే నీళ్లకుండతో పోతున్న ఒక పెద్దామె ఆ సుత్తిని చూసి ఆగింది. గుండె మీద చెయ్యి వేసుకుని, తల దించుకుని, అడుగుల చప్పుడు కానీకుండా వెళ్లిపోయింది. "కళ్లారా చూసినామె కూడా రాలేదు" అనుకున్నాడు జిలాలీ తృప్తిగా.

గురుశిష్యులిద్దరే చాయ్ తాగారు. షేక్ తన గ్లాసులోంచి ఒక ఉన్ని పోగు తీసి పక్కన పెట్టాడు. "చక్కెర ఎప్పుడు కొట్టావు?" అని అడిగాడు.

"ఇందాకే సీదీ."

"ఇక్కడేనా?"

"ఇక్కడే."

ఆయన ఎడమ చెవి ఒకసారి రుద్దుకున్నాడు. చీకటి పడ్డాక డేరా ముందు ఎవరో మూత వేసిన గిన్నె పెట్టి వెళ్లారు. అందులో బార్లీ జావ. ఉప్పు లేదు, తీపి లేదు. ఈ ఊళ్లో ఉప్పు బిడారు ఆగదు కాబోలు అనుకున్నాడు జిలాలీ. చక్కెర మిగిలింది, పైగా ఊరివాళ్లు అన్నం పెడుతున్నారు. ఇంత మంచి ఊరు అతను చూడలేదు.

పొద్దున్నే దారిచూపరి కోసం బయలుదేరాడు. ఊరు చిత్రంగా ఉంది. గాడిదల మెడలో గంటలకి గడ్డి చుట్టారు, మూతులకి చిక్కాలు కట్టారు. ఆడవాళ్లు బావి దగ్గర పెదవులు కదిలిస్తున్నారు గాని మాట బయటికి రావడం లేదు. ఒక ఇంటి గోడకి కొత్త డోళ్లు తగిలించి ఉన్నాయి. చేతులకి గోరింటాకు పెట్టుకున్న అమ్మాయిలు వాకిట్లో ఊరికే కూర్చున్నారు. అతను ఎదురైతే అందరూ దారి ఇచ్చి తల దించుతున్నారు. దారిచూపరి పేరు బా సలెక్ అని, గోడ నీడలో ఖర్జూరపు పీచుతో తాడు పేనుతున్నాడని తెలిసి అక్కడికి వెళ్లాడు. బా అంటే తండ్రిలాంటి పెద్దాయన అని.

"బా సలెక్ మీరేనా?"

"నేనే నాయనా. కూర్చో. ఏమీ మాట్లాడక్కర్లేదు."

"మాట్లాడాలనే వచ్చాను. తిన్‌జెరాన్ వెళ్లాలి. దారి చూపిస్తారా?"

"చూపిస్తాలే. అన్నిటికీ వేళ ఉంటుంది. ముందు గుండె కుదుటపడనీ."

"నా గుండె బాగానే ఉంది బా. కాళ్లే ఆగడం లేదు."

"మొదట్లో అలాగే ఉంటుంది" అని బా సలెక్ అతని భుజం నిమిరాడు. ఎంత బతిమాలినా అంతకు మించి ఒక్క మాట రాలేదు. జిలాలీ ఇంకో ఇద్దరిని అడిగాడు. వాళ్లూ భుజమే నిమిరారు. తిన్‌జెరాన్‌లో బిడ్డ పుట్టి ఎన్నాళ్లయిందో, అసలు పుట్టాడో లేదో తెలియదు. ఇక్కడ ఒక పూట గడవడమంటే బూజెమా అన్న పేరు ఒక మెట్టు దగ్గరికి రావడమే. ఆ సాయంత్రమూ గుడ్డ చుట్టిన సుత్తితోనే చక్కెర కొట్టాడు. ఆ సాయంత్రమూ చప్పిడి జావ వచ్చింది, ఈసారి రెండు గిన్నెలు.

మూడోనాడు షేక్ పొద్దుటినుంచీ దిగులుగా ఉన్నాడు. ఎప్పుడూ ఎండనీ ఈగనీ కూడా పలకరించే మనిషి, దిబ్బల వైపు చూస్తూ కూర్చున్నాడు. జిలాలీ దగ్గరికి వెళ్తే కుడిచెవి అతని వైపు తిప్పాడు.

"జిలాలీ, ఈ ఊళ్లో గాడిదలు అరుస్తున్నాయా?"

"నేను వినలేదు సీదీ."

"నువ్వు ధ్యాస పెట్టి ఉండవు. అరవని గాడిదలుంటాయా? నాకే వినపడటం లేదు. నీ మాట వినపడుతోంది, దగ్గరున్నావు కాబట్టి. ఊరి చప్పుడు ఒక్కటీ రావడం లేదు. మొన్న నువ్వు పక్కనే చక్కెర కొట్టావు, అదీ వినపడలేదు. చెవి దూరం నుంచి మూసుకుంటూ దగ్గరికొస్తుందని మా నాన్న అనేవాడు." ఆయన నవ్వబోయాడు గాని అది సరిగ్గా రాలేదు. "నిన్ను ఇంట్లో దింపి తగౌజీ వెళ్లాక పాఠశాల ఇంకొకరికి అప్పగిస్తాను. పిల్లవాడు తప్పు చదివితే వినపడాలి కదా. వినపడని గురువుకి అందరూ బాగా చదువుతున్నట్టే ఉంటుంది."

గాడిదలకి చిక్కాలెందుకో జిలాలీకి తెలియదు గాని, సుత్తి సంగతి తెలుసు. లేచి జీను చాటుకి వెళ్లి, సుత్తి చేతిలోకి తీసుకుని ముడి విప్పడం మొదలుపెట్టాడు. పళ్లెం మోగించి, నిజం చెప్పి, ఆయన ఏమన్నా పడాలని నిశ్చయించుకున్నాడు. గట్టిగా వేసిన ముడి. చేతులు వణుకుతున్నాయి, రావడం లేదు.

అప్పుడు ఊళ్లోంచి పెద్దలు వచ్చారు. ముందు బా సలెక్, వెనక ఇంకో ముగ్గురు నలుగురు, వాళ్ల వెనక మొన్నటి నీళ్లకుండ పెద్దామె. ఆమె పేరు తావూస్. బా సలెక్ వణుకుతున్న ఆ చేతులు చూసి కళ్లు తుడుచుకున్నాడు. సుత్తిని మెల్లగా తీసుకున్నాడు.

"చాలు నాయనా. నీకు చేతులు రావని మాకు తెలుసు, అందుకే వచ్చాం. మూడు రోజులూ చక్కగా పాటించారు. పోయినవాళ్లు పోయారు. ఇక విప్పుదాం."

ఇసక దాటితే మర్యాద మారుతుందని ముందే అనుకున్నాం. ఐన్ దెబ్బాగ్‌లో, మనిషి పోయిన ఇంట్లో తప్ప సుత్తికి గుడ్డ చుట్టరు. ఆ ఇల్లు పిలవదు, ఎవరూ రారు. ఊరు చప్పుడు తగ్గించుకుంటుంది, చప్పిడి జావ వండి గడపలో పెడుతుంది. పోయిందెవరని వాళ్లంతట వాళ్లు చెప్పేదాకా అడగరు. ప్రయాణాల మాట ఎత్తితే దుఃఖంలో అంటున్నారని భుజం నిమురుతారు. మూడోనాడు పెద్దలు వచ్చి గుడ్డ విప్పి మొదటి దెబ్బ వాళ్లే కొడతారు. తిన్‌జెరాన్‌లో ఈ పద్ధతి లేదు. జిలాలీ తన సొంత తెలివి అనుకున్నది, ఆ ఊళ్లో ప్రతివాడూ చదవగలిగిన చావు కబురు.

బా సలెక్ ముడి విప్పి, పళ్లెం తెప్పించి, దిమ్మ నిలబెట్టి ఒక్కటి వేశాడు. ఠంగుమంది.

షేక్ హమ్మూదా కూర్చున్నచోటే అదిరిపడ్డాడు. "మళ్లీ కొట్టు" అన్నాడు. బా సలెక్ మళ్లీ కొట్టాడు. "ఎడమవైపుకి వచ్చి కొట్టు." బా సలెక్ అర్థం కాకపోయినా ఎడమవైపుకి వెళ్లి కొట్టాడు. ముసలాయన మొహం పున్నమి నాటి ఇసకలా వెలిగింది. ఇంతలో ఊళ్లో, ఇక అడ్డు తీరిందని ఎవరో గంటల గడ్డీ, మూతుల చిక్కాలూ లాగేసినట్టున్నారు, ఒక గాడిద ఎత్తుకుంది. దానికి ఇంకోటి వంత పాడింది. షేక్ కళ్లు మూసుకుని ఆ అరుపులు పాటకచేరీ విన్నట్టు విన్నాడు.

బా సలెక్ మర్యాదగా గొంతు సవరించుకున్నాడు. "ఇప్పుడు అడగవచ్చు కదా. పోయిందెవరు సీదీ?"

"నా చెవులు" అన్నాడు షేక్. "ఇప్పుడే తిరిగొచ్చాయి."

పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇక జిలాలీ చెప్పక తప్పలేదు. "ఎవరూ పోలేదు బా. చక్కెర కొంచెమే ఉంది. చప్పుడైతే మీరంతా వస్తారని చుట్టాను." ఆ తర్వాత అతను చెప్పిన బిడ్డ సంగతీ, వేడుక సంగతీ ఎవరూ విన్నట్టు లేదు.

ముందుగా తావూస్ పలికింది. "అయితే మూడు రోజులనుంచీ నా కొడుకు పెళ్లి ఆపుకుని, డోళ్లు గోడకి తగిలించుకుని, కోడలిని గోరింటాకుతో వాకిట్లో కూర్చోబెట్టింది ఈ చక్కెర ముక్క కోసమా?"

"తప్పయింది అమ్మా."

"జావ కూడా వండాను. రెండు పూటలా."

"తిన్నాం. బాగుంది."

"బాగుందట. ఉప్పు లేని జావ బాగుందట" అని ఆమె బా సలెక్ వైపు తిరిగింది. ఆయన గడ్డం అప్పటికే కదులుతోంది. ముందు ఆయన నవ్వాడు, తర్వాత పెద్దలు, చివరికి తావూస్ కూడా చెంగు అడ్డం పెట్టుకుంది. "సుత్తి ఇటివ్వండి" అని లాక్కుని పళ్లెం ముందు చతికిలబడింది. మూడు రోజుల పెళ్లి కోపం అంతా ఆ దిమ్మ మీద చూపింది. ఆ మోతకి పిల్లా పెద్దా కదిలి వచ్చారు. డోళ్లు వచ్చాయి, పెళ్లికొడుకు వచ్చాడు. పొయ్యి మీద కెటిల్ దించిందే లేదు. షేక్ డోళ్లవాళ్ల పక్కనే, ఎడమ చెవి వాళ్ల వైపు పెట్టి కూర్చున్నాడు. దిమ్మ అయిపోయి నీలం కాగితం మిగిలింది. తావూస్ ఆ కాగితంలో గుప్పెడు గోరింటాకు పొడి పొట్లం కట్టి జిలాలీ చేతిలో పెట్టింది. "బిడ్డ అరికాళ్లకి. ఇందులో వాటా కోసం మేం రాములే."

మూడో గ్లాసు ఖాళీ చేసి బోర్లించాక బా సలెక్ మూతి తుడుచుకుని అడిగాడు. "ఎటువైపు?" ఆ ఊళ్లో దారిచూపరిని కుదుర్చుకోవడమంటే అంతే. బాటసారి చక్కెర కొడతాడు, దారిచూపరి వింటాడు, వచ్చి తాగుతాడు, ఎటువైపు అంటాడు. మొదటి సాయంత్రం పళ్లెం మోగి ఉంటే మొదటి సాయంత్రమే ఆ మాట అని ఉండేవాడు.

దిబ్బల నడుమ ఎదురొచ్చిన ఉప్పు బిడారువాళ్లు జిలాలీని గుర్తుపట్టి, కొడుకు పుట్టాడనీ, రేపే పేరు పెడుతున్నారనీ చెప్పారు. ఆ రాత్రి ఒంటె తప్ప ఎవరూ నిద్రపోలేదు. కానీ తెల్లవారి కాసేపటికి దుమ్ము లేచింది. తుపాను కాదు, ఒట్టి మసక. ఆకాశం, నేల ఒకే గోధుమరంగు అయిపోయాయి. బా సలెక్ ఆగిపోయాడు.

"ఊరు దగ్గర్లోనే ఉంది. కానీ చెట్లు కనపడకుండా నడిస్తే పక్కనుంచి దాటి పోతాం. విడేదాకా కూర్చోవాలి."

జిలాలీ కూర్చోలేదు. సూర్యుడు కనపడకపోయినా నడినెత్తి మీదికి వస్తున్నాడని తెలుస్తోంది. అటూ ఇటూ తిరుగుతూ, నమాజు వేళ ఇంకా కాలేదు కదా అని అడిగాడు. వేళ అయింది, దాటింది కూడా. చివరికి అతను కూలబడ్డాడు. బూజెమాకి సలాం చెప్పేసుకున్నాడు మనసులో.

అప్పుడు షేక్ తల పక్కకి వాల్చాడు. "అటు" అన్నాడు.

"ఏమిటటు?"

"ఠంగు... ఠంగు. వినండి."

బా సలెక్ ఊపిరి బిగబట్టి విన్నాడు. "సుత్తే" అన్నాడు. "ఎవరో గాని చెయ్యి మంచి చెయ్యి. ఇంత మసకలోంచి వస్తోంది."

"మా అత్తగారు" అన్నాడు జిలాలీ.

ఆ మోత పట్టుకుని నడిచారు. మోత ఆగితే ఆగి, మొదలైతే కదిలి, చివరికి ఖర్జూరపు తోట గోడకి మొహం తగిలేదాకా వచ్చారు. ఖద్దూజ్ వాకిట్లో ఊరంతా ఉంది. నమాజు ఎప్పుడో అయిపోయింది. ఆవిడ పళ్లెం ముందు కూర్చుని చెమటలు కక్కుతూ కొడుతోంది. చుట్టూ నీలం కాగితాలు.

"వచ్చావా అల్లుడూ" అంది సుత్తి ఆపకుండానే. "ఈ దిమ్మ అయ్యాక పేరు చెబుదామనుకున్నాను. అయిపోయింది. ఇంకోటి తీశాను, అదీ అయిపోయింది. ఇది పక్కింటిది. ఊరందరికీ తీపి వెగటు పుట్టింది, పాపం మొహమాటానికి తాగుతున్నారు."

"హక్కు మీదే కదా అత్తా. పెట్టెయ్యాల్సింది."

"హక్కు నాదే. నువ్వు బయలుదేరే ఉంటావు, నీ దారి మసకలో ఉంది. ముందు మోత ఆపకూడదనుకున్నాను. పేరు ఎక్కడికీ పోదు."

మసూదా బిడ్డని తెచ్చి అతని చేతుల్లో పెట్టింది. ఎర్రగా, ముడతలు పడి, రెండు పిడికిళ్లూ బిగించి, ఎవరి మాటా వినేలా లేడు. జిలాలీ వాడి చెవి దగ్గరికి వంగాడు. ఇన్నాళ్లూ దాచుకున్న పేరు నాలుక చివరిదాకా వచ్చింది. పక్కనుంచి ఠంగు ఠంగుమని వినపడుతూనే ఉంది.

"బూజెమా" అన్నాడు, అందరికీ వినపడేలా.

సుత్తి ఆగింది. ఆ వాకిట్లో పొద్దుటినుంచీ అంత నిశ్శబ్దం అదే మొదటిసారి. సరిగ్గా అప్పుడే గోడ అవతల ఎవడో తన ఒంటెని, "లే బూజెమా, లే, ఎంతసేపు" అని అదిలించాడు. మొదట నవ్వింది ఖద్దూజే. కళ్లు తుడుచుకుంటూ మళ్లీ సుత్తి ఎత్తింది.

మర్నాడు షేక్ బా సలెక్‌తో తిరుగు ప్రయాణం పెట్టుకున్నాడు. పాఠశాల అప్పగించే మాట ఇక ఎత్తలేదు. జిలాలీ ఒంటెకి జీను బిగిస్తూ అన్నాడు. "సీదీ, నా ప్రశ్న దీని మీదే ఉండిపోయింది. ఎంత పంచాలి, ఎంత దాచుకోవాలి?"

ముసలాయన జీను సంచిలో చెయ్యి పెట్టి వెతికాడు. చక్కెర పలుకులు ఇంకా అంటుకుని ఉన్న ఉన్ని పేలిక బయటికి తీసి, నాలుగు మడతలు పెట్టి అతని చేతిలో ఉంచాడు.

"పంచే సంగతి మీ అత్తగారినే అడుగు" అన్నాడు. "ఇది మాత్రం దాచుకో. పెట్టె అడుగున పెట్టు. ఇల్లన్నాక ఎప్పుడో ఒకనాడు కావలసి వస్తుంది. అందాకా దాన్ని బయటికి తియ్యకు."